తెర లేవని నాటకం

కురిచేడు, శనివారం రాత్రి

రేపు దర్శిలో కూడా ఆడతామని ఒప్పుకోకుండా ఉండాల్సింది.

మా నాటకంలో రాజు వేషం కట్టే సుబ్బన్న బావకు గొంతు పోయాక నాటకం మొత్తాన్ని వాద్యాలకు మార్చాను. ఆయన పద్యాలు క్లారినెట్‌కు, రాణి శోకం ఫిడేలుకు, మిగిలినవన్నీ నా హార్మోనియానికి. "ఇట్లయినా మన నాటకం బతుకుతాదిలే బామ్మర్దీ" అని బావ గుసగుసగా అన్నాడు.

ఈ రాత్రి తెర ముందు కూర్చుని వాయించాము. ఎప్పుడూ వన్స్‌మోర్ అని అరిచే పద్యం దగ్గర కూడా ఎవరూ అరవలేదు. మంగళం అయిపోయి హార్మోనియం మూసినా ఒక్కరూ లేవలేదు. ముందు కూర్చున్న పెద్దాయన బీడీ ఆర్పి అన్నాడు:

"శానాసేపు వాయించినారు, బాగుంది. జనమంతా వచ్చినారు గదా నాయనా, ఇంక తెర తీయండి."

జనం చేరేదాకా ముందు వాయించే వాయిద్యమే అనుకున్నారు.  అయిపోయిందని చెప్పడానికి చివరికి బావే తెర ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

పద్యం అందుకుంటాడనుకుని జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. తరవాత, వినడం కోసం, అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు.