ఉయ్యాలకు రంగు పూసిన రోలరు

బావా,

బల్ల మీద గుడ్డలో చుట్టిపెట్టిన రోలరును ముట్టుకోకు. బ్లేడుతో గీకి బాగుచేద్దామని అసలు చూడకు. తీగ మీద ఆరేసిన అచ్చుబొమ్మల కాగితాలు ఇంకా తడిగా ఉన్నాయి, చెయ్యి తగలనివ్వకు.

అది గోడలకు రంగు వేసే రోలరు కాదయ్యా మహానుభావా! చెక్కిన అచ్చు మీద ఇంకు పల్చగా పరిచేది. రబ్బరు మెత్తగా ఉంటేనే బొమ్మ పడుతుంది. చూపు తగ్గి పని మానేసిన రోజున మా మాస్టారు దాన్ని నా చేతిలో పెట్టారు. నిన్న నువ్వు దాంతో ఉయ్యాలకు ఎనామిల్ రంగు పూసి, కడగకుండా ఎండలో పడేశావు. ఇప్పుడది రాయి. పైగా "రోలరేగా, ఇంకోటి కొందాంలే" అన్నావు చూడు, అక్కడ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎల్లుండి ప్రదర్శనకు ఇంకా ఆరు బొమ్మలు అచ్చు వెయ్యాలి. ఏడో నెల పొట్టేసుకుని, రోలరు అరువడగడానికి బస్సెక్కి స్నేహితురాలింటికి పోతున్నాను. ఫోన్ చెయ్యకు, ఎత్తను. అన్నం నువ్వే వండుకో.

ఉయ్యాల చూశాను. రంగు చాలా బాగా కుదిరింది. ఆ మాట నీ మొహం చూసి చెప్పేంతగా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.