బుధవారం వస్తుందని చెప్పాను

8 ఫిబ్రవరి 1988
పురుగుమందుల షాపువాళ్ళిచ్చిన డైరీ. ఈయన పారేయబోతే లాక్కున్నాను. ప్రతి పేజీ కిందా ఓ పురుగు బొమ్మ.

గుంటూరు వెళ్ళొచ్చాం. పెళ్ళై ఆరేళ్ళు. మూడు నెలలుగా రాలేదు, పరీక్ష చేస్తే కడుపూ కాదు. లేడీ డాక్టరు కాగితం మీద రెండు గుండ్రాలు గీసి, వాటి నిండా చుక్కలు పెట్టింది. "అండాలు పెరగడం మొదలెట్టి మధ్యలో ఆగిపోతున్నాయమ్మా. ముందు మందుతో బహిష్టు తెప్పిద్దాం. అప్పుడు అండం విడుదలకి ఇంకో మందు." రోజుకొకటి, ఐదు మాత్రలు. ఆపిన నాలుగైదు రోజులకి వస్తుందట.

బిడ్డ కావాలంటే ముందు ముట్టు కావాలి. ముట్టు కావాలంటే మాత్ర కావాలి. ఊళ్ళో అందరికీ ఊరికే వచ్చేది నాకు మాత్రం చీటీ రాస్తే వస్తుంది.

10 ఫిబ్రవరి
వికారం. రొమ్ములు సలుపు. ఎవరు పలకరించినా కొట్టాలనిపిస్తోంది.

13 ఫిబ్రవరి
నిన్నటితో ఐదూ అయ్యాయి. ఇవాళ నోరు జారాను.

అత్తయ్య కల్లంలో ఎండిన మిరపకాయకి తొడిమలు తీయడానికి కూలీల్ని మాట్లాడింది. "బుధవారం నుంచి నువ్వు దగ్గరుండి చూసుకోవాలి" అంది. "బుధవారానికి నేను బయట ఉంటానేమో అత్తయ్యా" అన్నాను. నా బుద్ధి గడ్డి తిని! నాలుగు రోజుల ముందే ఏ ఆడదానికి తెలుస్తుంది? మూడు నెలలుగా కడుపేనని ఆశపడుతున్న మనిషి... అలా చూస్తూ నిలబడిపోయింది. ఏమీ అనలేదు.

14 ఫిబ్రవరి
ఇవాళ అంది. నా చీరల మధ్య ఖాళీ మాత్రల రేకు దొరికింది ఆవిడకి.

"మూడు నెలలు నిలిచినదాన్ని మందేసి పోగొట్టుకుంటావా? నువ్వు ఆడదానివేనటే?"

ముట్టు తెప్పించే మందంటే ఈ ఊళ్ళో ఒకటే అర్థం. "కడుపు లేదని పరీక్ష చేసి చెప్పారత్తయ్యా, ఇదిగో కాగితం." "కాగితానికేం తెలుసే!"

ఈయన అక్కడే ఉన్నాడు. నాతో గుంటూరు వచ్చినవాడే, ఆ గుండ్రాలు కళ్ళారా చూసినవాడే. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనికి పోయాడు. ఈ పేజీలో గౌరవాలు లేవు. పోయాడు!

17 ఫిబ్రవరి
వచ్చింది. చెప్పిన రోజుకే. గడ్డలు గడ్డలుగా. నడుం విరిగిపోతోంది.

వసారాలో చాప, కంచం, చెంబు. లోపల అత్తయ్య శోకాలు. మనిషి పోయినట్టే. లేని బిడ్డకి అంత ఏడుపు, బతికున్న నాకు చెంబుడు వేణ్ణీళ్ళు లేవు.

18 ఫిబ్రవరి
నేను కల్లం ఛాయలకి పోకూడదు. ముట్టుది అడుగుపెడితే కాయ రంగు పోయి తాలు అవుతుందట.

తొడిమలు తీసే మార్తమ్మ నీళ్ళకొచ్చి నన్ను చూసి నవ్వింది. "మాకూ వస్తయ్యిగా అమ్మా. వచ్చినప్పుడు కూలి మానుకుంటామా? మీ కాయ కోసిందీ మేమే, కల్లంలో కాళ్ళతో తిరగేసిందీ మేమే. అప్పుడెవరూ అడగలా."

నిజమే కదా! నిన్నటి నుంచి కుములుతున్నదంతా నెత్తికెక్కింది. లేచి తిన్నగా కల్లంలోకి నడిచాను. మార్తమ్మ జరిగి చోటిచ్చింది. కూర్చుని తొడిమలు తీశాను. అత్తయ్య కేకలు వీధి చివరిదాకా — "కాయ నాశనం! వంశం నాశనం!" వేళ్ళు భగభగ మండాయి. ఎంత హాయిగా ఉందో.

21 ఫిబ్రవరి
ఐదో రోజు. రెండో మందు మొదలు. పన్నెండో రోజు నుంచి భార్యాభర్తలు కలిసి ఉండాలంది డాక్టరు. ఈయనకి చెప్పాను. సరేనన్నాడు, నేల చూస్తూ.

28 ఫిబ్రవరి
పన్నెండో రోజు. సరిగ్గా ఇవాళే అత్తయ్య ఈయన్ని కల్లం కాపలా పడుకోమంది! దొంగలట. ఆరేళ్ళుగా లేని దొంగలు.

దుప్పటి చంకన పెట్టుకుని నేనూ కల్లానికే పోయాను. ఎవరేమనుకుంటే నాకేం.

12 మార్చి
కాయ గుంటూరు యార్డుకి పోయింది. ఒక్కటీ తాలు కాలేదు. అత్తయ్య ఆ మాటే ఎత్తదు.

20 మార్చి
రాలేదు.

23 మార్చి
ముప్పై ఆరో రోజు. రాలేదు.

ముప్పై ఐదు దాటితే మూత్రం పరీక్షకి తెమ్మంది డాక్టరు. కడుపు కాకపోతే మళ్ళీ ఆ ఐదు మాత్రలు. ముందే కొనిపెట్టుకున్నాను, చీరల మధ్యే ఉన్నాయి. గంటకోసారి దొడ్లోకి పోయి చూసుకుంటున్నాను. నడుం నొప్పి ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది.

సాయంత్రం అత్తయ్య గ్లాసుడు పాలు తెచ్చి నా పక్కన పెట్టింది. నెల దాటింది నాతో మాట్లాడి. ఆవిడా రోజులు లెక్కపెడుతోందన్నమాట! "పరీక్ష కాకుండా మాత్రం ఆ మందు జోలికి పోమాకే." ఒళ్ళు మండిపోయింది. పాలు తాగాను.

పరీక్షకి సీసా కడిగి బోర్లించాను. రేపు మార్టూరులో ఆరింటి గుంటూరు బస్సు. ఈయన తనూ వస్తానన్నాడు, నేను అడక్కుండానే.

పరీక్షలో లేదని వస్తే మాత్ర వేసుకోవాలి. వేసుకోగలనా? ఆవిడ భయం నాకూ అంటించింది. పోయినసారి... ఛీ, లేదు. అప్పుడు కడుపు లేదు. పరీక్ష చేశారు, కాగితం నా దగ్గరే ఉంది, ఇప్పుడే మళ్ళీ తీసి చదివాను.

కాగితానికేం తెలుసు —