పది మూరల గది

మార్చి 2, ఆదివారం, సాయంత్రం

నువ్వు దొంగవి. ఇది చదువుతున్నావంటే అడక్కుండా తెర తీసి లోపలికి వచ్చావన్నమాట. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నవి ఈ గదీ ఈ నోటుబుక్కూ. తలుపు కూడా లేదు, ఒక ఆకుపచ్చ కర్టెన్ అంతే. ఎలాగూ వచ్చావు కాబట్టి నా కోపం కూడా కాస్త మోసుకుపో.

అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు చదవకూడదన్నాడు డాక్టరు. ఆదివారం ఇంట్లో బైబిలు పాఠం మాత్రం ఆగకూడదట. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడు. పుస్తకం తెరిస్తే ఆవలింతలు. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి చదివితే వాక్యానికో ప్రశ్న, అందుకే ఇంట్లో దాని పేరు లాయరు. మిగిలింది నేను. ఇరవై ఏళ్ళుగా పేపర్లో దేవుడి ఏజెంట్లను ఉతికి ఆరేస్తున్న నేను, గొంతు సవరించుకుని పవిత్ర గుడారం కొలతలు చదివాను. పొడవు ఇన్ని మూరలు, వెడల్పు ఇన్ని మూరలు. ఇది భక్తా, మేస్త్రీ చిట్టానా అన్నాను. ఇల్లు కట్టించేటప్పుడు దేవుడు కూడా మేస్త్రీని నమ్మలేదే అమ్మాయ్, అన్నారు అత్తగారు.

మార్చి 9, ఆదివారం

ఈ వారం గుడారం లోపలి గది, అతిపరిశుద్ధ స్థలం. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పది మూరలే. ముందు తెర. ఏడాదికి ఒక్కరోజు, ప్రధాన యాజకుడు ఒక్కడే లోపలికి వెళ్ళాలి. నాకు ఒళ్ళు మండింది. నువ్వు లోపల, నువ్వు బయట అని మనుషుల్ని విడదీసింది ఈ గుడ్డముక్కే అన్నాను. ఇంకా చాలా అన్నాను. అంతా విని లాయరు తాపీగా అడిగింది: తెర, లోపల ఒక్కరే, వేరేవాళ్ళు దుమ్ము కూడా దులపకూడదు, ఇది అమ్మ గదే కదా?

మా ఆయనకు టీ పొలమారింది. అత్తగారు నల్లకళ్ళద్దాలతోనే లేచి, మోచేతి నుంచి వేలి చివరదాకా చెయ్యి ఆనిస్తూ నా గది గోడ వెంట కొలిచారు. సరిగ్గా పది మూరలు. రెండోవైపు కూడా పదే.

అప్పట్నుంచి నా గదికి అతిపరిశుద్ధ స్థలం అని పేరు పడింది. నేను నవ్వలేదు.

మార్చి 12

గదిలో నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లు లేచాను. కాలమ్ ఒక్క లైను కదల్లేదు.

మార్చి 16, ఆదివారం

బలిపీఠం కొమ్ముల పాఠం. ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చి ఆ కొమ్ములు పట్టుకుంటే ఇక ఆ మనిషిని ఎవరూ ముట్టుకోకూడదని నమ్మకం. పట్టుకున్నవాళ్ళలో ఒకడు బతికాడు, ఒకడు చచ్చాడు. ఇదేం గ్యారంటీ అని లాయరు నిలదీస్తుండగా గుమ్మంలో టైలరమ్మ నిలబడింది. వెనక సందులో ఉంటుంది, మా ఇంటిల్లిపాది బట్టలూ ఆమే కుడుతుంది. పెదవి చిట్లి ఉంది. చేతిలో కత్తెర సంచి తప్ప ఏమీ లేదు.

భర్త ఈసారి చంపుతానన్నాడట. ప్రార్థన మందిరానికి పోయి, వేదిక దగ్గరి తెర వెనక నాలుగు రోజులు ఉండనివ్వమని పెద్దలను అడిగిందట. ఆ తెర కుట్టింది తనే. ఆలుమగల గొడవలకు పవిత్ర స్థలం చోటు కాదన్నారట. రేపే రాస్తాను, పేర్లతో సహా కడిగేస్తాను అన్నాను.

ఆమె మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రాయండి మేడమ్. ఈలోపు నేనెక్కడ పడుకోను?"

హాలు తలుపు వీధిలోకే. అత్తగారి గదిలో ఆవిడా లాయరూ ఇప్పటికే ఇరుక్కుని ఉన్నారు. మా గదిలో మేమిద్దరం. అందరి చూపూ ఆకుపచ్చ కర్టెన్ మీదే. నేను నోరు విప్పలేదు. నేను, మాట లేకపోతే ఊపిరాడని మనిషిని. చివరికి అత్తగారే తన మంచం పక్కన చాప పరిచారు.

మార్చి 17, ఉదయం

తొమ్మిది వందల పదాలు రాశాను. తెర కుట్టిన చేతికి తెర వెనక చోటు లేదా, అని మొదలు. ఈ మధ్యకాలంలో ఇంత బాగా రాయలేదు. అత్తగారికి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు.

"బాగుందమ్మాయ్. మన పది మూరల్లో ఆ పిల్ల కుట్టుమిషను తెప్పిస్తే పడుతుందంటావా?"

విరుచుకుపడ్డాను. ఈ గది కోసం పన్నెండేళ్ళు పోరాడానన్నాను. ఆడదానికి తన పనికంటూ ఒక చోటు ఉండాలన్నాను. నేను ఇక్కడ కూర్చుని రాసేది ఇలాంటి ఆడవాళ్ళ కోసమే కదా అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే తొలుస్తోంది.

మార్చి 18

వ్యాసం పంపలేదు. చించనూ లేదు.

మార్చి 20, మధ్యాహ్నం

వాడొచ్చాడు. వీధంతా వినబడేలా అరుపులు. అత్తగారు ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. గుమ్మానికి అడ్డంగా నిలబడి, కళ్ళు సరిగా కనబడవు నాయనా, దగ్గరికి రా, ఎవరివో తడిమి చూస్తాను అన్నారు. ఆ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, వేడిగా. వాడు మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

టైలరమ్మ కనబడలేదు. అత్తగారి గది, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ వెతికాను. చివరికి నా కర్టెన్ తీశాను. రాతబల్ల కింద ముడుచుకుని ఉంది. బల్ల ముందరి కాళ్ళు రెండూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

నన్ను చూసి మొదట అన్నమాట: "క్షమించండి మేడమ్, చెప్పులతో వచ్చేశాను."

నేను బల్ల పక్కనే నేలమీద కూర్చున్నాను.

మార్చి 23, ఆదివారం

పాఠం చదవలేదు. పుస్తకాలు హాల్లోకి మోశాం. గదిలో ఉండమంటే ఆమె వెంటనే సరేననలేదు, షరతులున్నాయంది. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

1. కర్టెన్ తీసేసి తలుపు పెట్టాలి.
2. మిషను కిటికీ పక్కన ఉండాలి.
3. ఆయనొస్తే నేను లేనని అబద్ధం చెప్పొద్దు. ఉంది, రాదు అని చెప్పాలి.
4. పాఠానికి పిలవొద్దు. రావాలనిపిస్తే నేనే వస్తాను.
5. నా గురించి పేపర్లో రాయొద్దు.
6. మందిరం పెద్దల్ని ఎదురుగా వెళ్ళి అడగాలి. నేనూ వస్తాను.
7. గడియ లోపలివైపే ఉండాలి.