గోడకి మూడు దెబ్బలు

అలిగి వెళ్ళిపోయిన మా అక్కకి,

ఊరవతల ఆ గదిలో ఒక్కదానివీ ఎలా ఉన్నావు? నా ఉత్తరం చించి పారేస్తావని తెలుసు. చించేముందు ఈ ఒక్క ముక్క చదువు. నువ్వు తాళం వేసి వెళ్ళిన నీ గుండీల కొట్లోంచి రోజూ పొద్దున్నే గోడ తడుతున్నారు.

నవ్వకు. మన మార్కెట్ పద్ధతి నీకు నేను చెప్పాలా? షట్టర్లు ఎత్తగానే టీ కొట్టాయన పక్క గోడకి మూడు దెబ్బలు కొడతాడు, ఆ పక్కవాళ్ళు అవతలి గోడకి, అలా నలభై కొట్లూ చుట్టి మళ్ళీ ఆయన దగ్గరికే రావాలి. ఏ గోడైనా పలక్కపోతే ఎవరో ఒకరు లేచి వెళ్ళి చూడాలి. గుండెపోటొచ్చి పడిపోయిన తాళాలాయన బతికింది అందువల్లే కదా. ఇప్పుడు మార్కెట్ పడగొట్టి కొత్త భవనం కట్టడానికి ఒప్పుకుని సంతకాలు పెట్టి సగం మంది వెళ్ళిపోయారు. అయినా దెబ్బలు ఆగట్లేదు. నీ వైపు నుంచి మూడు, మూడోది కాస్త ఆలస్యంగా, అచ్చం నువ్వు కొట్టినట్టే. ఎలుకలేమోనని తాళం తీయించి చూశాం. ఖాళీ పెట్టెలు, దుమ్ము, ఆ దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు. "వెళ్ళినవాళ్ళకి మనసొప్పట్లేదేమోలేమ్మా" అని టీ కొట్టాయన నవ్వేశాడు.

గురువారం మున్సిపల్ ఆఫీసులో విచారణ. సగానికి పైగా సంతకాలుంటే మార్కెట్ పడగొట్టేస్తారట.

నీ చెల్లి,
గొడుగులు బాగుచేసుకునేది

---

అక్కా,

జవాబు రాయలేదు. సరే, నాకు తగిన శాస్తే. ఈ పొద్దున నీ గోడ తట్టగానే నేనూ ఇటు గోడకి మూడు కొట్టాను. కాసేపటికి ఆ పక్క కొట్టు చెప్పులాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, బానే ఉన్నావా? నీ గోడ పలకలేదు!" కొట్టానంటే నమ్మడు. ఆయన్ని ఆయన కొట్లో కూర్చోబెట్టి సుత్తితో బాదాను. సున్నం రాలింది. ఆయనకి చప్పుడే వినపడలేదట. వెళ్ళిపోయినవాళ్ళ గోడలన్నీ పలుకుతున్నాయి, ఇక్కడే కూర్చున్న నా గోడ పలకట్లేదు. అమ్మో, నేను ఉన్నానా లేనా అని నా చేతులు నేనే తడిమి చూసుకున్నాను.

ఎందుకో నాకు తెలుసక్కా. అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే. కొత్త భవనంలో వీధి వైపు మూల కొట్టు నీకేనమ్మా, విచారణ దాకా నీ పేరు బయటపెట్టం, అన్నాడు ఆఫీసాయన. కారే కప్పు కింద కూర్చుని ఊళ్ళోవాళ్ళ గొడుగులు కుట్టీ కుట్టీ విసిగిపోయున్నాను. ఆశపడ్డాను. తరవాత సిగ్గేసింది, ఆ సిగ్గు కనపడకుండా మార్కెట్ పడగొట్టొద్దని అందరికంటే గట్టిగా నినాదాలిచ్చాను. నువ్వు సంతకం పెట్టిన రోజు నడి మార్కెట్లో నిన్ను "అమ్ముడుపోయావు" అన్నాను. నువ్వు నా వైపు ఒక్క చూపు చూసి, గుండీల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయావు. నీ ఆ చూపు నన్ను అన్నం తిననివ్వట్లేదు.

నీ చెల్లి

---

అక్కా,

చెప్పేశాను. విచారణలో ఇరవై ఒక్క సంతకాలు లెక్క తేలాయి. సగానికి ఒకటి ఎక్కువ. లేచి, "ఆ ఒకటి నాది, వెనక్కి తీసుకుంటున్నాను, రాసుకోండి" అన్నాను. ఇక ఇప్పటికి పడగొట్టడం లేదన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెప్పులాయన నా మొహం కూడా చూడలేదు. టీ కొట్టాయన మాత్రం "రేపు కొట్టు తెరుస్తావుగా?" అని అడిగాడు.

ఈ పొద్దున ఎంతసేపు చూసినా నీ గోడ పలకలేదు. బయటికెళ్ళి నీ అవతలి ఖాళీ కొట్టు షట్టరుకి చెవి ఆనించాను. అక్కడ మూడు దెబ్బలూ మళ్ళీ మళ్ళీ వినపడుతున్నాయి. నీ దగ్గరే ఆగిపోయింది. తిరిగొచ్చి నేనే చెప్పులాయన గోడకి కొట్టాను. "వినపడిందిలే, గోడ పగలగొట్టకు!" అని కసిరాడు. ఆ కసురు విని ఏడ్చేశాను. కన్నీళ్ళు తుడుచుకుంటుంటే మన పద్ధతి గుర్తొచ్చింది. గోడ పలక్కపోతే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి.

షట్టరు దించేసి వచ్చేశాను. ఇది పోస్టులో వెయ్యను. బస్సులో, నీ వీధి మలుపు దగ్గర రాస్తున్నాను. నువ్వు తలుపు తియ్యకపోతే దీన్ని కింద నుంచి లోపలికి తోస్తాను. నా మీద కోపంతోనే ఊరుకున్నావని అనుకోనీ, ఇంకేదీ అనుకోలేను. తలుపు మీద మూడు దెబ్బలు పడితే అది నేనే. తిట్టినా సరే అక్కా, లోపల్నుంచి ఒక్కసారి పలుకు.

నీ గుమ్మం ముందు నిలబడే
నీ చెల్లి