కాలిన కొండకి ఆకుపచ్చ పీలికలు

నవంబరు 2, ఆదివారం. ఉదయం 6.10
తీర్మానం! ఈ నెల 16న కాలిన కొండ ఎక్కుతాను. ఎక్కడం ఒక్కటే కాదు, దాని నెత్తి మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాను. దారి లేదు. మూడేళ్ల కిందట కార్చిచ్చు వచ్చాక ఉన్న కాలిబాట కూడా పోయింది.

కారణం మా అమ్మాయి తేజస్వి. వైజాగులో జనాన్ని కొండలెక్కించే ఉద్యోగంలో చేరింది. "అదీ ఒక ఉద్యోగమేంటే, మేకలు చెయ్యట్లేదా?" అన్నాను. అంతే, నాలుగు నెలలుగా నాతో మాటల్లేవు. రోజూ వాళ్లమ్మకి ఫోన్ చేస్తుంది. నేను పక్కన కూర్చుని వింటాను. అది ఈ కొండ నడిచింది. నేనూ నడుస్తాను, పైనుంచి ఫొటో పంపి తప్పయిందని చెబుతాను. కొట్లో కూర్చుని చెబితే నమ్మదు.

తునిలో ముప్ఫై ఏళ్లుగా బట్టల కొట్టు నడిపినవాడికి కొండ ఒక లెక్కా!

నవంబరు 4
5.00కి లేచాను. నలభై నిమిషాలు నడిచాను! కాళ్లు ఇనుము.

నవంబరు 7
కొట్టు మెట్లు పదిసార్లు ఎక్కాలనుకున్నాను. నాలుగోసారికి బేరం వచ్చింది. కూర్చోక తప్పలేదు.

నవంబరు 9
వాన. (నాలుగు చినుకులు.)

నవంబరు 11
నడవలేదు. బలం దాచుకోవడం కూడా సాధనే. మా బావమరిది బుల్లిరాజు తనూ వస్తానన్నాడు. "కార్తీకమాసం కదా బావగారూ, పన్లో పని వనభోజనం కూడా అయిపోద్దండి!" కుదరదని గట్టిగా చెప్పాను.

నవంబరు 15
సామాను: నీళ్లు రెండు సీసాలు. పులిహోర, పనసపొట్టు కూర, గారెలు, పెరుగు, అరిటాకులు.
"కొండకా అండీ, పెళ్లికా?" అంది మా ఆవిడ మీనాకుమారి.
దారి గుర్తుకి చెట్లకి కట్టాలని లైనింగ్ గుడ్డ పీలికలు చింపాను. కాలిన కొండ నల్లగా ఉంటుంది కనక ఆకుపచ్చ గుడ్డ తీశాను. రంగుల సంగతి నాకు ఇంకొకడు చెప్పాలా!

నవంబరు 16
6.30. కొండ కింద పశువులు కాసే సత్తియ్య ఎదురొచ్చాడు. "కాలి మూడేళ్లయిందండి షావుకారుగారూ. తోడు రమ్మంటారా?" అక్కర్లేదన్నాను.
7.40. మాడిన మోడులున్నాయి, నిజమే. వాటి చుట్టూ నా ఎత్తు గడ్డి, తీగలు, కొత్త చిగుళ్లు. అంతా పచ్చపచ్చగా! అయినా పీలికలు కడుతూనే ఉన్నాను.
9.15. కొండ నెత్తి. వద్దన్నా వెంటొచ్చిన బుల్లిరాజు కూలబడి ఆకులు పరిచాడు.
9.50. నీళ్లు లేవు. అరిటాకులు కడగడానికి ఒక సీసా, తిన్నాక చేతులకి ఒక సీసా. తాగడానికి కూడా కావాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.
10.30. తీర్మానం రద్దు. వెనక్కి. పీలిక ఒక్కటీ కనపడదు. బుల్లిరాజు చూపించిన మూడూ ఆకులే.
11.20. అదే మోడు, మూడోసారి. భయం వేసింది. ఫొటో గిటో ఏమీ లేదు, తేజస్వికి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.
"కాలిన కొండ మీద తప్పిపోయానమ్మా."
"కూర్చోండి నాన్నా. కదలకండి. లొకేషన్ పంపండి."
2.05. దిగాం. అంతసేపూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఎటు తిరగాలో చెప్పింది, మధ్యమధ్యలో తిట్టింది. పైన ఏం తిన్నామో చెబితే నవ్వింది. "ఆ మేకల మాట అనకూడదమ్మా. తప్పు నాదే" అన్నాను. "కింద చూసి నడవండి" అంది. కళ్లు తుడుచుకునేదాకా నాకు కింద ఏమీ సరిగ్గా కనపడలేదు.

నవంబరు 17
మోకాళ్లు నావి కావు. ఊళ్లో బుల్లిరాజు, కొండ ఆ చివర దాకా నడిచామని చెబుతున్నాడు.
7.00. ఫోన్ మోగింది. నాకే చేసింది!
"డిసెంబరు ఏడున నాకు సెలవు. నేను ముందు, మీరు వెనక. ఆగమంటే ఆగాలి. మావయ్య రాకూడదు."
ఇరవై నాలుగేళ్లలో దాని మాటకి ఎదురు చెప్పకుండా సరే అనడం ఇదే మొదలు.
తీర్మానం! డిసెంబరు 7న కాలిన కొండ. సాధన రేపటి నుంచే. (ఎల్లుండి.)