హారన్ కొట్టేలోపు

మైపాడు,
14 నవంబరు 2024.

గిద్యోను గారికి,

మీ కామమ్మ వదిన నమస్కారాలు. మీరూ మీ ఇంట్లోవాళ్లూ దేవుడి దయవల్ల బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమం అని రాయడం పద్ధతి. ఈసారి ఆ మాట రాయలేకపోతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు మా దగ్గరే ఉండిపోయిన మీ చదరంగం గడియారం తువాలులో చుట్టి పంపుతున్నాను. మీ తర్వాత మా ఊరి బస్సుకు వచ్చిన కండక్టరు మాథ్యూ దాన్ని డిపోలో మీకు అందజేస్తానన్నాడు.

మీ ఓబయ్యన్న సంగతి ఫోన్‌లో మొత్తం చెప్పలేకపోయాను. వేసవిలో గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు, దాంతో మాట పోయింది. గడ్డ మాత్రం మళ్లీ లేచింది. నెల్లూరు డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, ఇంక మేం చెయ్యగలిగింది లేదమ్మా, ఇంట్లో పెట్టుకుని చూసుకోండి అన్నారు. ముక్కు గొట్టంలో రాగి జావ వడకట్టి పోస్తున్నాను. ఎంత పోశానో, ఎంత నిలిచిందో రాసిపెడుతున్నాను. రాసినందువల్ల తగ్గేదేమీ లేదని తెలుసు. అయినా మానలేకపోతున్నాను. ఇంటి లెక్క ఏనాడూ తప్పనిదాన్ని, ఇది మాత్రం ఎటు కూడినా తేలడం లేదు.

మీరు మా ఊరికి రాక రెండేళ్లు దాటింది. కారణం నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మీ బస్సు ఇక్కడ పావుగంట ఆగేది. మీరు టికెట్ల సంచీ చంకన పెట్టుకుని సరాసరి రెబెక్కమ్మ టీ అంగడి బల్ల దగ్గరికి వచ్చేవారు. ఆయన అప్పటికే వల పక్కన పెట్టి కాయలు పేర్చి ఉంచేవారు. పెద్దోడివి, తెల్లవి తీసుకో అన్నా అని మీరే ఆయనకు ఇచ్చేవారు. ఒక్కొక్కరికి అయిదేసి నిమిషాల ఆట. రెండో ఎత్తుకే ఆయన రాజు పక్కనున్న బంటును ముందుకు తోసి, తిను అన్నట్టు వదిలేసేవారు. ఏంది ఓబయ్యన్నా, గాలం వెయ్యకముందే ఎర పారేసుకుంటివే అని రెబెక్కమ్మ ఎగతాళి చేసేది. ఈ ఎర గాంబిట్టు తెలియనోళ్ల మీద పారుతుందన్నా, నా మీద పారదు అని మీరు నవ్వుతూనే ఆ బంటు తినేవారు. సమయం చూసి తిరిగి ఇచ్చేసి ఆట ముగించేవారు. నూటికి ఒకటో రెండో ఆయన గెలిచి ఉంటారు. అయినా మర్నాడు మళ్లీ అదే బంటు.

ఆ తర్వాత మీరే ఆయన్ను నెల్లూరులో జరిగిన బ్లిట్జ్, అదే అయిదేసి నిమిషాల ఆటల పోటీకి తీసుకెళ్లారు. అక్కడ మద్రాసు నుంచి వచ్చిన పెద్ద ఆటగాడితో ఆయన బంటు ఇవ్వలేదు. అన్నీ కాచుకుంటూ, చివరి సెకను దాకా లాగి, ఆట సమం చేశారు. మీరు వెనక నిలబడి చూశారట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీరన్న మాట ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పారు. ఎవురో తెలియనోడితో అంత నిమ్మళంగా ఆడినావు, ఆట రాక కాదు, నన్ను ఆటగాడి కింద లెక్కెయ్యలేదు గదన్నా అన్నారట. నువ్వేమన్నావు అని అడిగాను. ఆయన సంగతి మీకు తెలియంది కాదు, నాలుగు మాటలు అవసరమైన చోట ఒకటి కూడా రాదు.

తర్వాత మీరు కావలి లైనుకు మారిపోయారు.

పోయిన నెల నేను ఫోన్ చేస్తే, చూస్తాలే వదినా అన్నారు. తప్పు పట్టడం లేదు. మీ డ్యూటీలు మీవి. ఈ గడియారం పంపాలని నాకు లేదు. నిన్న ఆయనే అలమరలోంచి తీసి, తుడిచి, బస్సు వైపు చెయ్యి చూపించారు. ఎందుకబ్బా, వస్తాడేమో ఉండనీ అన్నాను. తల అడ్డంగా ఊపారు.

వస్తే ఈ వారంలోనే రండి. తర్వాతి వారానికి నేను మాట ఇవ్వలేను. వచ్చేటప్పుడు గడియారం వెంట తెచ్చుకోండి. రాలేకపోతే, మీ వస్తువు మీ దగ్గరికి చేరిందని అనుకుంటాను.

ఇట్లు,
కామమ్మ

తా.క. కవరు అంటించబోతూ మనసొప్పక, ఆయన మంచం పక్కన కూర్చుని ఈ ఉత్తరమంతా చదివి వినిపించాను. గిద్యోను అడిగినదానికి నాకైనా జవాబు చెప్పు, అతనితో ఒక్కడితోనే ఎందుకట్లా ఆడినావు అని అడిగాను. ఆయన గడియారం చేతిలోకి తీసుకుని రెండు వైపులా నొక్కి చూపించి, ఒక వేలు ఎత్తారు. తర్వాత మంచం పక్కన పేర్చి ఉన్న కాయల్లోంచి ఆ బంటును తీసి నాకు చూపించి, మూడు వేళ్లు ఎత్తారు. అప్పుడే రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఆయన అటు చెయ్యి చూపించారు.

నాకు లెక్క అందింది. జాగ్రత్తగా ఆడితే మీ బస్సు కదిలేలోపు ఒక్క ఆట. బంటు ఇచ్చి తొందరగా ఓడిపోతే మూడు ఆటలు. ఆట అయిన ప్రతిసారీ మీరు, ఇంకొకటి ఎయ్యన్నా అనేవారు.

ఇప్పుడు ఒక్క ఆటకైనా కూర్చోగలరని నేను చెప్పలేను. ఇవాళ కూడా బస్సు వేళకు నల్లవి మీ వైపు పెట్టి కాయలు పేర్చారు. బంటును మాత్రం నన్ను జరపమని సైగ చేశారు. మీరు ఎదురుగా లేకుండా దాన్ని జరపడానికి నాకు చెయ్యి లేవలేదు.