సాయంత్రానికి ఎత్తేయని బ్లాక్

శివాజీ,

నీ సంచి సర్ది తలుపు దగ్గర పెట్టాను. లుంగీలు, రిపోర్టులు అందులోనే ఉన్నాయి. సిగరెట్ పెట్టె పారేశాను, వెతకకు. డ్యూటీ దిగగానే ఏమీ తినకుండా ఆసుపత్రికి రా. టోకెన్ కోసం నేను ముందే వెళుతున్నాను.

గుండె రక్తనాళంలో బ్లాక్ ఉందని డాక్టరు చెబితే, "ఏటమ్మా, బ్లాకే కదా! సాయంత్రానికి ఎత్తేస్తార్లే" అని నవ్వావు. ఇది మీ రైల్వేలో పట్టాల పని కోసం కాసేపు రైళ్లు ఆపే బ్లాక్ కాదు. నేను చదివాను. పొగ నాళం గోడను పాడుచేస్తుంది, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. స్టెంటు వేసి దారి తెరిచినా మాత్రలు మానకూడదు.

మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని పక్క క్వార్టర్ ఉషారాణికి చెప్పావు, నాకు చెప్పలేదు.

అమ్మ

మీ నాన్న కూడా ఛాతీ పట్టేస్తే గ్యాసే అని సోడా తాగి డ్యూటీకి వెళ్లారు. 2004 ఫిబ్రవరి తొమ్మిదిన వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.